పట్టుకు కుంకుడు, పంచెకు బూడిద నీళ్ళు: డిటర్జెంటు మానేస్తే ఏ బట్టకు ఏది వాడాలి?

డిటర్జెంటు మానేద్దామనుకున్న వాళ్ళందరూ మొదట అడిగేది "దాని బదులు ఏం వాడాలి?" అని. దానికి ఒక్క జవాబు లేదు. హిందుస్థాన్ లీవర్ 1959లో సర్ఫును, కర్సన్‌భాయ్ పటేల్ 1969లో నిర్మాను తెచ్చాక ఇంటిల్లిపాది బట్టలకూ ఒకే పొడి అన్న అలవాటు పడింది గానీ, అంతకుముందు మన చాకిరేవుల్లో పద్ధతి వేరు. నూలు పంచెలు, దుప్పట్లు చవుడు నీళ్ళలో తడిపి, బానకెత్తి ఆవిరి పట్టేవారు. పట్టుచీరను ఆ చవుడు దరిదాపులకు రానిచ్చేవారు కాదు, దానికి కుంకుడు రసమే. బట్టను బట్టి మందు ఎంచుకోవడం వాళ్ళకు వృత్తిలో మొదటి పాఠం. ఇప్పుడు మనం తిరిగి నేర్చుకోవాల్సిందీ అదే.

ముందు ఏ బట్టకు ఏది అన్నది చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్దాం. పట్టు, ఉన్ని, రంగుల చేనేత బట్టలకు కుంకుడు. తెల్ల నూలు బట్టలు, తువ్వాళ్ళు, వంటింటి గుడ్డలు, పసిపిల్లల లంగోటీలకు కొబ్బరినూనె సబ్బు, దానికి తోడు చాకలిసోడా. మంచి కట్టెల బూడిద దొరికే ఊళ్ళో అయితే బూడిద నీళ్ళు. జిడ్డు పట్టిన పాలిస్టర్ బట్టలకు సబ్బు గానీ, కొబ్బరి, చక్కెరల నుంచి చేసిన కొనుగోలు ద్రవాలు గానీ. శీకాయ ముదురు రంగులకు మాత్రమే. పండ్ల తొక్కల బయో ఎంజైమ్ మీద చాలామంది ఆశలు పెట్టుకుంటున్నారు, కానీ అది బట్టలుతికే సరుకు కాదు. ఎందుకో కింద చెప్పాం.

క్షారం, పులుపు: ఎంపిక మొత్తం ఇక్కడే ఉంది

పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన ప్రోటీన్ దారాలు. నూలు మొక్క నుంచి వచ్చిన సెల్యులోజ్. క్షార గుణం ఉన్న నీళ్ళు, అంటే బూడిద నీళ్ళు, చాకలిసోడా, సబ్బు వంటివి, ప్రోటీన్ దారాన్ని మెల్లగా తినేస్తాయి. పట్టు మెరుపు పోయి గరుకెక్కుతుంది, ఉన్ని ముడుచుకుపోతుంది. నూలుకు అదే క్షారం మేలు చేస్తుంది. చెమటలోని కొవ్వును కరిగిస్తుంది, నీటిలోని కాల్షియాన్ని పక్కకు నెడుతుంది, మురికిని దారం నుంచి విడదీస్తుంది. కుంకుడు, శీకాయ రసాలు కాస్త పులుపు వైపు ఉంటాయి, అంటే పీహెచ్ 7 కంటే తక్కువ. అందుకే పట్టుకు పనికొస్తాయి, అందుకే జిడ్డు తువ్వాలు దగ్గర వెనకబడతాయి.

మీ చేతిలో ఉన్న ద్రవం ఏ పక్షమో తెలుసుకోవడానికి పీహెచ్ కాగితాలు అక్కర్లేదు, వంటింట్లోని పసుపు చాలు. చెంచా పసుపును నాలుగు చెంచాల శానిటైజర్ ద్రవంలో కలిపి, పొడి అడుగుకు దిగాక పైన తేలిన పచ్చటి నీళ్ళలో తెల్ల కాగితం ముక్కలు ముంచి నీడన ఆరబెట్టండి. ఆ కాగితం మీద ఒక చుక్క వేస్తే ఎర్రబారిందా, అది క్షారం. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తేలేది కూడా ఇందువల్లే. కాగితం పచ్చగానే ఉంటే పట్టుకు క్షారం భయం లేదు. "సహజం", "మృదువు" అని సీసా మీద రాసి ఉన్న ద్రవాలను కూడా పట్టుచీర దగ్గరికి తెచ్చే ముందు ఈ పరీక్ష పెట్టండి. కొన్నిటికి కాగితం ఎర్రగా మారుతుంది.

రెండో సంగతి నీళ్ళు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. బోరు నీళ్ళ మీద బతికే చాలా ఊళ్ళలో ఆ 200 దాటడం మామూలే. అలాంటి నీళ్ళలో సబ్బు నురగ రాదు, నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు బట్టలోకి దిగితేనే తెల్ల చొక్కా నెలల్లో బూడిద రంగులోకి మారుతుంది. కుంకుడుకు ఈ బాధ లేదు. దానిలో నురగ పుట్టించి మురికి వదిలించే సాపోనిన్లు అనే పదార్థాలు కాల్షియంతో తెట్టు కట్టవు. ఉప్పు నీళ్ళ ఊళ్ళో కుంకుడుకు ఇది నిజమైన బలం. మీ నీళ్ళ సంగతి తేలాలంటే సీసాలో సగం నీళ్ళు పోసి, గోకిన సబ్బు చిటికెడు వేసి (డిటర్జెంటు బార్ కాదు, అసలు సబ్బు) గట్టిగా ఊపండి. నురగ నిలిస్తే నీళ్ళు మెత్తనివి. పాల విరుగులా తెట్టు తేలితే కఠినమైనవి.

కుంకుడు: ఎంత, ఎలా, ఎక్కడ చెడుతుంది

మన ప్రాంతంలో చెట్ల మీద మూడేసి కాయలు అతుక్కుని కాసేది దక్షిణాది కుంకుడు. హిమాలయ పాదాల్లో పండి రీఠా పేరుతో ఉత్తరాది నుంచి వచ్చేది, విదేశాల్లో సోప్‌నట్స్ అని అమ్మేది మరో జాతి, కాయ కాస్త పెద్దది. ఉతకడానికి రెండూ ఒకటే. మురికి వదిలించే సాపోనిన్ ఉండేది పైతొక్కలోనే. నల్లటి గింజలో పనికొచ్చేదేమీ లేదు, పైగా దాన్ని కలిపి రుబ్బితే రసంలో జిడ్డు దిగుతుంది. ఎండిన కాయను రాయితో ఒక్క దెబ్బ కొట్టి గింజ తీసేయండి. కాయల బరువులో సగానికి కాస్త ఎక్కువే తొక్క మిగులుతుంది. కాబట్టి గింజతో ఉన్న కిలో ధరను, తొక్కల కిలో ధరను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఆ లెక్క మరవొద్దు.

కొనేటప్పుడు కాయ రాగి రంగులో, లోపల గింజ గలగలలాడుతూ, తొక్క విరిస్తే లోపల తేనెలాంటి జిగట మెరుస్తూ ఉండాలి. బూజు వాసన వస్తే వద్దు. వేసవి మొదట్లో కొత్త కాయ వస్తుంది, ఏడాదికి సరిపడా అప్పుడే కొని ఎండలో మరో రెండు రోజులు ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే వానాకాలం దాటుతుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, అడవి బిడ్డల నుంచి కుంకుడు, శీకాయ కొంటుంది. దాని దుకాణం దగ్గర్లో ఉంటే అక్కడ అడగండి, సేకరించినవాళ్ళకు డబ్బు నేరుగా చేరే దారి అది.

రసం తీసే పద్ధతి ఇది. గింజ తీసిన తొక్కలు 100 గ్రాములు, నీళ్ళు లీటరు. రాత్రి నానబెట్టండి. పొద్దున స్టీలు గిన్నెలో, గిన్నె సగానికి మించి నిండకుండా, సన్నటి సెగ మీద 15 నిమిషాలు మరిగించండి. పెద్ద మంట పెడితే నురగ పొంగి స్టవ్వంతా పారుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికి, పలచటి నూలు గుడ్డలో వడకట్టండి. మిగిలిన పిప్పిలో పావు లీటరు వేడినీళ్ళు పోసి మళ్ళీ పిసికి అదే రసంలో కలపండి. మొత్తం సరిగ్గా లీటరు అయ్యేలా నీళ్ళు చేర్చండి. ఇప్పుడు లెక్క సులువు: 10 మిల్లీలీటర్ల రసంలో ఒక గ్రాము తొక్క సారం ఉంది.

ఉతికే నీళ్ళు లీటరుకు ఒక గ్రాము తొక్క అన్నది మామూలు మురికికి సరిపోయే కొలత. 10 లీటర్ల బకెట్‌కు 100 మిల్లీలీటర్లు. పట్టుకు, ఒక్కసారి కట్టి విడిచిన చీరలకు అందులో సగం. ముందు తలుపు మెషీన్ ఒక విడతకు ఇంచుమించు 15 లీటర్లు తీసుకుంటుంది, కాబట్టి 150 మిల్లీలీటర్లు. పైమూత మెషీన్ 50 లీటర్ల పైన నింపుకుంటుంది, అంటే అర లీటరు రసం పోయాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఐదారు తొక్కలు గుడ్డ సంచిలో కట్టి పైమూత మెషీన్‌లో చల్లటి నీళ్ళలో వేస్తారు. ఆ తొక్కలన్నీ కలిపి 10 గ్రాములు కూడా ఉండవు, అరగంటలో చల్లటి నీళ్ళలోకి దిగేది అందులో కొంతే. 50 లీటర్లలో అది ఉత్త నీళ్ళతో సమానం. తీరా బట్టలు శుభ్రం కాలేదని కుంకుడును తిడతారు. తప్పు కొలతది.

అమెరికా, ఇంగ్లాండుల్లో ఉండి సంచి పద్ధతినే వాడేవాళ్ళకు ఒక సవరణ. సంచిని ముందు పెద్ద కప్పు మరిగే నీళ్ళలో 15 నిమిషాలు ఉంచి, పిండి, ఆ నీళ్ళూ సంచీ రెండూ డ్రమ్ములోకి వేయండి. మెషీన్‌ను 40 డిగ్రీల మీద తిప్పండి. అక్కడి ముందు తలుపు మెషీన్లకు నీళ్ళు తక్కువ కాబట్టి ఇది ఫలిస్తుంది. తొక్కలు మెత్తబడి పాలిపోయి, పిసికితే నురగ రాకపోతే వాటి పని అయిపోయినట్టే.

రసం నిలవ గురించి. ఇది ఆకుకూర పులుసులాంటిది, ఊరికే పులుస్తుంది. ఎండాకాలంలో బయట రెండో రోజుకే వాసన మారుతుంది. ఫ్రిజ్‌లో వారం. ఐసు ట్రేలో గడ్డ కట్టిస్తే రెండు మూడు నెలలకు ఢోకా లేదు. గడికి 20 మిల్లీలీటర్లు పడితే బకెట్‌కు ఐదు గడ్డలు. పొడి వాడితే ఈ బాధ లేదు గానీ, పొడిని నేరుగా బట్టల మీద చల్లొద్దు, గోధుమరంగు నలుసులు నేతలో ఇరుక్కుంటాయి. వేడినీళ్ళలో కలిపి వడకట్టి పోయండి. పొడి చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, తుమ్ములు ఆగవు. కళ్ళలో పడితే మంట ఎలా ఉంటుందో కుంకుడు స్నానం చేసిన తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలకు అందని చోట పెట్టండి.

పట్టుచీర ఉతికేటప్పుడు చల్లటి నీళ్ళు, 10 లీటర్లకు 50 మిల్లీలీటర్ల రసం. ముందు లోపలి అంచు మూల ఒకటి తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు. అంటకపోతే చీరను మూడు నుంచి ఐదు నిమిషాలు మాత్రమే ముంచి, ముంచెత్తుతూ కదపండి. రుద్దొద్దు, పిండొద్దు. రెండుసార్లు మంచి నీళ్ళలో జాడించి, తువ్వాలులో చుట్టి నీరు ఒత్తి, నీడన ఆరేయండి. అంచూ ఒళ్ళూ వేర్వేరు రంగుల్లో ఉండే ధర్మవరం, గద్వాల చీరలను ఎక్కువసేపు నానబెడితే అంచు రంగు ఒంట్లోకి పారుతుంది. బరువైన జరీ చీర మొదటి ఉతుకు మాత్రం డ్రైక్లీనింగ్‌కే ఇవ్వమని మా సలహా. కుంకుడు మీద ఎంత ప్రేమ ఉన్నా అక్కడ సాహసం వద్దు.

కలంకారీ విషయం విడిగా చెప్పాలి. శ్రీకాళహస్తి, పెడన అద్దకాల్లో సహజరంగులు వాడిన బట్టలకు నలుపు ఇనుము, కరక్కాయల కలయికలోంచి పుడుతుంది, ఎరుపు పటిక వల్ల బట్టకు పట్టి నిలుస్తుంది. బలమైన పులుపు తగిలితే ఆ ఇనుము కరిగిపోతుంది. తుప్పు మరక మీద నిమ్మరసం ఎందుకు పనిచేస్తుందో, కలంకారీ నలుపు మీద కూడా అందుకే పనిచేస్తుంది, నలుపు పోతుంది. క్షారం తగిలితే ఎరుపు ఛాయ మారుతుంది. పలచటి కుంకుడు రసం ఈ రెండు అంచుల మధ్య నడుస్తుంది. నిమ్మ, వెనిగర్, బయో ఎంజైమ్, సబ్బు, సోడా ఏదీ వద్దు.

శీకాయ

కుంకుడుకు తమ్ముడే గానీ బలం తక్కువ. నురగ తక్కువ, పులుపు ఎక్కువ, తొక్కలో వగరు పదార్థాలు ఎక్కువ. ఆ వగరు వల్లే తెల్లబట్ట గోధుమ ఛాయ పడుతుంది, ఇనుప మూకుడులో మరిగిస్తే రసం నల్లగా మారుతుంది. కుంకుడు పద్ధతిలోనే రసం తీసి, రెట్టింపు కొలతలో, ముదురు రంగు పట్టు, ఉన్ని శాలువలకు వాడుకోవచ్చు. అంగడి శీకాయ పొడి కొనేటప్పుడు చూసుకోండి. తలంటు కోసం చేసినదైతే అందులో పెసలు, మెంతులు కలిసి ఉంటాయి, ఆ జిగురూ పిండీ బట్టకు పట్టి ఆరాక అట్టకడుతుంది. ఇంట్లో కుంకుడు ఉంటే ఉతకడానికి శీకాయను ప్రత్యేకంగా కొననక్కర్లేదు.

బూడిద నీళ్ళు

పల్లెలో కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళకు ఇది పైసా ఖర్చు లేని మందు. కట్టె బూడిదలో నీటిలో కరిగేది ప్రధానంగా పొటాషియం కార్బనేట్. తుమ్మ, మామిడి వంటి గట్టి కట్టెల బూడిద, కొబ్బరి డొక్కల బూడిద, ఎండిన అరటి బోదె బూడిద మంచివి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, బొగ్గు, ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చిన బూడిద ముట్టుకోవద్దు.

అర కిలో జల్లించిన బూడిదను రెండున్నర లీటర్ల నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున పైన తేరిన నీళ్ళను కదలకుండా వంచి, రెండు మడతల గుడ్డలో వడకట్టండి. వేళ్ళ మధ్య జారుడుగా ఉంటే బలం ఉన్నట్టు. పసుపు కాగితం వెంటనే ఎర్రబారాలి. 10 లీటర్ల వేడినీళ్ళకు లీటరు చొప్పున కలిపి, నూలు దుప్పట్లు, పంచెలు, తువ్వాళ్ళు రెండు గంటలు నానబెట్టి ఉతకండి. చేతులకు తొడుగులు వేసుకోండి, ఇది చర్మాన్నీ కొరుకుతుంది. వడపోత సరిగా లేకపోతే నల్లటి నలుసులు తెల్లబట్టలో దిగి మరి పోవు. ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. ఇంకో చిక్కు, ప్రతి పొయ్యి బూడిదా ఒకే బలం ఉండదు. అందుకే ప్రతిసారీ పరీక్ష తప్పదు.

బూడిద దొరకని పట్నంలో చాకలిసోడా అదే పని కొలత తప్పకుండా చేస్తుంది. ఇది మొక్క సరుకు కాదు, ఖనిజం. కానీ చవుడు మట్టిలో మన రజకులు వెతికినదీ ఎక్కువగా ఈ సోడియం కార్బనేటే, పేరులోనే ఆ చాకలి ఉన్నాడు. వంటసోడాతో పొరపాటు పడొద్దు, దాని క్షారం చాలా బలహీనం. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత ఉన్న 10 లీటర్ల నీటిని మెత్తబరచడానికి 3 గ్రాముల పొడి చాకలిసోడా సరిపోతుంది. పటికలా పలుకులుగా ఉన్నదైతే అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి 9 గ్రాములు కావాలి.

కొబ్బరినూనె సబ్బు

వంటింటి గుడ్డకూ, చొక్కా మెడపట్టీకీ, చెమట బనీనుకూ సాపోనిన్ సరిపోదు. అక్కడ అసలు సబ్బే దిక్కు. మిగతా నూనెల సబ్బుల కంటే కొబ్బరినూనె సబ్బు కఠిన జలంలోనూ మెరుగ్గా నురుగిస్తుంది. ఇంట్లో చేసుకోవాలంటే కొబ్బరినూనె కిలో, కాస్టిక్ సోడా 180 గ్రాములు, నీళ్ళు 360 గ్రాములు. చెంచాలతో కాదు, గ్రాముల్లో తూచాలి. సోడా ఎక్కువైతే సబ్బు చేతులు కాలుస్తుంది, తక్కువైతే బట్టల మీద నూనె మిగులుతుంది.

కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు పెట్టుకుని, గాలి ఆడే చోట, స్టీలు లేదా గట్టి ప్లాస్టిక్ పాత్రలో నీళ్ళలోకి సోడా కొంచెం కొంచెంగా వేయండి. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పోయొద్దు, ఒక్కసారి ఉడికి చిమ్ముతుంది. అల్యూమినియం పాత్ర అసలే వద్దు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ద్రవం గోరువెచ్చగా, దాదాపు 40 డిగ్రీలకు దిగాక కరిగిన నూనెలో పోసి చిక్కటి మజ్జిగలా అయ్యేదాకా కలిపి అచ్చులో పోయండి. కొబ్బరి సబ్బు తొందరగా గట్టిపడుతుంది. గట్టిపడగానే అదే రోజు ముక్కలు కోయండి, మర్నాటిదాకా ఆగితే కత్తి పెట్టగానే పెళుసుగా విరుగుతుంది. నాలుగు వారాలు గాలికి ఆరనివ్వండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి విడిగా గది లేకపోతే ఇది చేయొద్దు, ఊళ్ళో చేసి అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కోండి.

వాడకం: గోకిన సబ్బు రెండు వంతులు, చాకలిసోడా ఒక వంతు కలిపి పొడిగా ఉంచుకుని, బకెట్ వేడినీళ్ళకు రెండు పెద్ద చెంచాలు. సోడా ముందు నీటిలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, సబ్బు మురికి మీద పనిచేయడానికి మిగులుతుంది. సోడా లేకుండా బోరు నీళ్ళలో ఒట్టి సబ్బు వాడితే తెట్టు తప్పదు.

బయో ఎంజైమ్ ఎందుకు కాదు

బెల్లం ఒక వంతు, నిమ్మ, బత్తాయి తొక్కలు మూడు వంతులు, నీళ్ళు పది వంతులు, మూడు నెలలు పులియబెట్టడం. ఇది అందరికీ తెలిసిన వంటకం. పేరులో ఎంజైమ్ ఉన్నా, మూడు నెలల తర్వాత సీసాలో మిగిలేది ముఖ్యంగా వెనిగర్‌లాంటి పుల్లటి ద్రవం. జిడ్డును నీటిలోకి లాగే గుణం దానికి లేదు. రాగి చెంబు తోమడానికి బంగారంలాంటిది, సింకులో తెల్లటి గార వదిలిస్తుంది. బట్టల విషయంలో దానికి ఒకే చోటు ఉంది: సబ్బుతో ఉతికిన నూలు బట్టల చివరి జాడింపులో 10 లీటర్లకు 50 మిల్లీలీటర్లు కలిపితే మిగిలిన క్షారం పోయి తువ్వాళ్ళు గరుకెక్కవు. కుంకుడు రసంలో కలిపి అమ్మే ద్రవాల్లో ఉతికే పని చేసేది కుంకుడే. బ్లీచింగ్ ద్రవంతో మాత్రం దీన్ని ఎప్పుడూ కలపొద్దు, పులుపు తగలగానే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

కొనే "మొక్కల ఆధారిత" ద్రవాలు

సీసా ముందు భాగం మీద ఆకుల బొమ్మ చూసి మోసపోకుండా వెనక పట్టిక చదవండి. డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అని ఉంటే అవి మొక్కల కొవ్వు, చక్కెరల నుంచి ఫ్యాక్టరీలో తయారైనవి, మట్టిలో తేలిగ్గా విచ్ఛిన్నమవుతాయి. మెషీన్ మీద ఆధారపడ్డ ఇంటికి నిజాయితీగా పనికొచ్చే ఎంపిక ఇదే. సోడియం లారిల్ సల్ఫేట్ కూడా కొబ్బరి, పామ్ నూనెల నుంచి రావచ్చు. "మొక్క నుంచి" అన్నమాట అక్కడ అబద్ధం కాదు, కానీ చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళకు అది ఒరుసుకుపోతుంది. కుంకుడు సారం పేరు పట్టిక చివర్లో ఉంటే అది అలంకారానికే. ప్రోటియేజ్ అనే ఎంజైమ్ ఉంటే పట్టు, ఉన్ని మీద వాడొద్దు. అది ప్రోటీన్‌ను జీర్ణం చేసుకునేది, రక్తం మరకకూ పట్టుదారానికీ తేడా దానికి తెలియదు. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిలవ పదార్థం కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

మానేసిన రెండు నెలలకు తెల్లబట్టలు పచ్చబారితే

ఇది దాదాపు అందరికీ ఎదురవుతుంది, చాలామంది ఇక్కడే వెనక్కి తిరిగిపోతారు. డిటర్జెంటు పొడుల్లో ఒక రకం మెరుపు రసాయనం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలికాంతిగా వదులుతుంది, దాంతో బట్ట ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. వాడకం ఆపేశాక ఉతుకు ఉతుకుకూ అది కరిగిపోయి నూలు తన అసలు లేత మీగడ రంగులోకి వస్తుంది. అది మురికి కాదు. అయితే తెల్లబట్టలకు కుంకుడు వాడి సరిగా జాడించకపోయినా గోధుమ ఛాయ మిగులుతుంది, ఆ తప్పు మాత్రం మనదే. తెల్లవాటికి సబ్బు సోడాల మిశ్రమం వాడి, మూడు నీళ్ళు జాడించి, చివర నీలిమందు చుక్క వేసి, ఎర్రటి ఎండలో ఆరేయండి.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడకండి, పారాణి సంగతి పైన చెప్పుకున్నాం. జాడిస్తే మళ్ళీ పచ్చబడుతుంది, రెండు మూడు రోజులు ఎండ తగిలితే వెలిసిపోతుంది. పసుపుకు ఎండను మించిన మందు లేదు. రక్తం మరకకు చల్లటి నీళ్ళే, వేడినీళ్ళు పోస్తే మరక దారానికి అతుక్కుంటుంది. నూనె మరక మీద కుంకుడుతో కుస్తీ పట్టొద్దు, తడపకముందే సబ్బు గట్టిగా రాసి పావుగంట ఉంచండి.

మెషీన్‌లో చిక్కటి కుంకుడు రసాన్ని సొరుగులో పోయొద్దు, జిగురు పేరుకుని దారి మూసుకుపోతుంది. నేరుగా డ్రమ్ములో బట్టల మీద పోయండి. నెలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల చాకలిసోడా వేసి 60 డిగ్రీల మీద తిప్పితే తలుపు రబ్బరు మడతల్లో బూజు పట్టదు.

ఇక వాడిన నీళ్ళు. పలచటి కుంకుడు నీళ్ళు పూలమొక్కలకు, కొబ్బరి పాదుకు పోయొచ్చు. వేపనూనెను నీళ్ళలో కలపడానికి రైతులు కుంకుడు రసమే వాడతారు. కానీ చెరువులోకి, చేపల తొట్టిలోకి పోనివ్వొద్దు. సాపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, నీళ్ళలో కుంకుడు కలిపి చేపలు పట్టే పద్ధతి పుట్టింది అందుకే. సబ్బు, సోడా, బూడిద నీళ్ళను మొక్కలకు పోస్తూ పోతే మట్టి చవుడు బారుతుంది, వాటిని మురుగు కాలవలోకి వదిలేయండి.